డిస్పోజల్ మిలిటరీ లారీ: ఏమి విప్పాలి, పెట్టెలు ఎక్కడ బిగించాలి?

బోరు మోటార్ల షెడ్డు, కళ్యాణదుర్గం

సభ్యులందరికీ నమస్కారం. నేను కళ్యాణదుర్గంలో బోరు మోటార్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాను. మా పని సగం షెడ్డులో ఉంటే సగం పొలాల్లోనే ఉంటుంది. మోటారు కాలిపోయిందని రైతు ఫోన్ చేసిన వెంటనే ట్రైపాడ్, చైన్ బ్లాక్, పైపు పానాలు, కేబులు చుట్ట, కాలమ్ పైపులు అన్నీ ట్రాక్టరు ట్రాలీలో వేసుకుని బయలుదేరుతాము. ఎర్రనేలల్లో ఈ పద్ధతి సరిపోయింది కానీ, ఉరవకొండ, విడపనకల్లు వైపు నల్లరేగడిలో వాన కురిసిన మరునాడు ట్రాలీ ఇరుసు దాకా దిగబడిపోతుంది. పంట ఎండిపోతుంటే రైతును నాలుగు రోజులు ఆగమని చెప్పడానికి నాకు నోరు రాదు.

అందుకే సైన్యం వేలంలో కొన్న ఒక వ్యాపారి దగ్గర రెండున్నర టన్నుల టాటా 713 లారీని తీసుకున్నాను. నాలుగు చక్రాలూ లాగే బండి. కాగితాలు నా పేరు మీదికి వచ్చాయి, ఇంజను, గేర్లు బాగున్నాయి. అయితే బండి నిండా నాకు ఎందుకో తెలియని సామాను ఉంది. వెనుక ఇరువైపులా మడిచే చెక్క బల్లలు, టార్పాలిన్ కప్పడానికి ఇనుప కమానులు, క్యాబిన్ పైన గుండ్రని మూత, తుపాకులు నిలబెట్టే క్లిప్పులు, జెర్రీ క్యాన్ల చట్రాలు, వెనుక కొక్కెం, దాని పక్కన గాలి గొట్టం, డ్యాష్‌బోర్డు మీద అర్థం కాని రెండు స్విచ్చులు ఉన్నాయి.

వీటన్నిటినీ గ్యాస్ కట్టరుతో కోసివేసి, ఇరువైపులా ఛాసిస్ కింద 3 మిల్లీమీటర్ల రేకుతో ఒక్కొక్కటి ఆరడుగుల పొడవు, 20 అంగుళాల లోతు, రెండడుగుల ఎత్తు గల పెట్టెలు బిగించాలని, 200 లీటర్ల నీళ్ల ట్యాంకు ఒకటి వెనుక చివర పెట్టాలని, పైపులను క్యాబిన్ మీదుగా పైన వేయాలని అనుకుంటున్నాను. అనుభవం ఉన్నవారు నా ఆలోచనలో తప్పులుంటే చెప్పగలరు.

రిటైర్డ్ ఎం.టి. డ్రైవర్, కడప

తమ్ముడూ, ముందుగా ఆ గ్యాస్ కట్టరును షెడ్డులోనే ఉంచండి. సైన్యంలో ఎం.టి. (మోటారు రవాణా) విభాగంలో ఇలాంటి బండ్లను చాలా ఏళ్లు నడిపినవాడిని కనుక చెబుతున్నాను, సైన్యం బండిలో ఏ వస్తువునూ అలంకారానికి పెట్టరు. మీకు అక్కరలేనిది తీసేయవచ్చు, కానీ అది ఎందుకు ఉందో తెలిసిన తరువాతే తీయాలి. చాలావరకు అన్నీ బోల్టులతో బిగించినవే కాబట్టి కోయవలసిన అవసరమే రాదు. ముందు రోజు రాత్రి బోల్టులకు డీజిలు, ఇంజను ఆయిలు కలిపి పూసి ఉంచితే, ఉదయానికి చాలా బోల్టులు పానాకు లొంగుతాయి.

బల్లలు, తుపాకీ క్లిప్పులు, బండిని కప్పి దాచే వలలు మోసే బుట్ట, జెర్రీ క్యాన్ల చట్రాలలో సగం నిశ్చింతగా విప్పండి. ఒక్కో జెర్రీ క్యాన్ 20 లీటర్లది, కనుక రెండు చట్రాలు ఉంచుకుంటే పొలంలో తాగునీటికి పనికొస్తాయి. పార, గునపం బిగించే పట్టీలను మాత్రం తీయకండి. రేగడిలో మొదట చేతికి కావలసినవి అవే. వెనుక కొక్కెం కూడా ఉండనివ్వండి, బండి దిగబడినప్పుడు గొలుసు తగిలించడానికి అంతకంటే గట్టి చోటు ఇంకొకటి దొరకదు.

బండి కింద వెనుక ఇరుసు మధ్యలో ఉండే గుండ్రని గేర్ల పెట్టె (డిఫరెన్షియల్) మీద తెల్లరంగు పూసి ఉందేమో చూడండి. దాని మీద పడేలా ఒక చిన్న దీపం ఉంటుంది. రాత్రిపూట హెడ్‌లైట్లు ఆర్పి వరుసగా వెళ్లేటప్పుడు వెనుక డ్రైవరుకు ఆ తెల్లని గుండ్రని మచ్చ ఒక్కటే కనబడుతుంది, దానిని బట్టి దూరం కొలుచుకుంటూ నడుపుతాము. మీకు అర్థం కాని స్విచ్చులలో ఒకటి బహుశా ఆ దీపాలదే. దాని జోలికి వెళ్లేముందు ఒక ఎలక్ట్రీషియన్‌ను అడగండి.

ఫ్యాబ్రికేషన్ వర్క్స్, కర్నూలు

మీరు చెప్పిన పెట్టె కొలతలను కాగితం మీద వేసి చూశాను. 1800 x 500 x 600 మిల్లీమీటర్ల పెట్టెకు ఆరు వైపులా కలిపి సుమారు 4.56 చదరపు మీటర్ల రేకు పడుతుంది. 3 మిల్లీమీటర్ల ఇనుప రేకు చదరపు మీటరుకు 23.5 కిలోలకు పైగా తూగుతుంది కనుక ఒక్కొక్క పెట్టె 107 కిలోలు అవుతుంది. అదే 16 గేజి, అంటే 1.6 మిల్లీమీటర్ల రేకుతో చేస్తే 57 కిలోలతో సరిపోతుంది. రెండు పెట్టెలకు కలిపి వంద కిలోల తేడా ఉంది, ఆ వంద కిలోలు ఏ పనీ చేయకుండా ప్రతిరోజూ డీజిలు తాగుతాయి. పలుచని రేకు వంగుతుందన్న భయం వద్దు. అంచులు మడిచి, తలుపుకు మధ్యలో అడ్డంగా వంపు కొట్టి, మూలల్లో మాత్రం యాంగిల్ వేస్తే పెట్టె గట్టిగానే నిలబడుతుంది. అడుగున పానాలు, గొలుసులు పడతాయి కాబట్టి అక్కడ ఒక్కచోట ఇంకా మందమైన 14 గేజి వేయండి.

దీనికంటే ముఖ్యమైనది బిగించే పద్ధతి. ఛాసిస్ పొడవునా ఉండే ఇనుప దూలానికి పైఅంచు, కిందిఅంచు చాలా ముఖ్యం, బరువంతా వాటిమీదే ఉంటుంది. ఆ అంచుల్లో కొత్తగా రంధ్రం వేయకూడదు, వెల్డింగ్ అసలే చేయకూడదు. మా దగ్గరికి వచ్చిన ఒక బండికి ఎవరో ట్యాంకు స్టాండును కిందిఅంచుకే వెల్డింగ్ చేశారు. ఏడాది తిరగకముందే ఆ వెల్డింగ్ చివర నుండి వెంట్రుక లాంటి పగులు మొదలై దూలం సగం ఎత్తు వరకు పాకింది. దుమ్ము తుడిచి కిరోసిన్ పూసి, ఆరిన తరువాత సుద్దపొడి చల్లితే ఆ గీత తడిగా పైకి తేలి కనబడింది. నిలువు భాగంలో కంపెనీ వేసిన రంధ్రాలు ఉంటాయి, బ్రాకెట్లను ఆ రంధ్రాలకే గట్టి బోల్టులతో బిగించండి.

నాలుగు చక్రాల బండి ఎగుడుదిగుడు నేల మీద వెళ్లేటప్పుడు ఛాసిస్ మెలి తిరుగుతుంది, అది తిరగాలి కూడా. కాబట్టి ఒకే పెట్టెను ఛాసిస్‌కూ, పైన బాడీకీ రెండింటికీ బిగించవద్దు. ఒకటి ఒకవైపు, ఇంకొకటి మరొకవైపు లాగితే మధ్యలో పెట్టె చిరిగిపోతుంది. ఏదో ఒకదానికే వేలాడదీయండి.

బోరు మోటార్ల షెడ్డు, కళ్యాణదుర్గం

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ వారం బల్లలు, క్లిప్పులు, వలల బుట్ట, నాలుగు క్యాన్ల చట్రాలు విప్పాను. బోల్టులను డబ్బాల్లో వేసి ఏది ఎక్కడిదో చీటీ అంటించాను. విప్పకముందు ఒకసారి, విప్పిన తరువాత ఒకసారి వేబ్రిడ్జి కాటా మీద తూకం వేయించాను. 260 కిలోలు తగ్గింది. మడిచే బల్లల చెక్క నేను అనుకున్నదానికంటే చాలా బరువుగా, ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. దానినే లోపలి అరలకు వాడదామని పక్కన పెట్టాను.

కమానుల విషయంలో సందేహంగా ఉంది. పైన శాశ్వతంగా రేకు కప్పు వేయించాలా, టార్పాలిన్ ఉంచుకోవాలా?

పంపుసెట్ల పని, జమ్మలమడుగు

అన్నా, నేను మీ వృత్తిలోనే ఉన్నాను కనుక కమానులు ఉంచమని చెబుతాను. ట్రైపాడ్ కాళ్లు, పొడవైన కేబులు చుట్టలు ఎత్తేటప్పుడు పైకప్పు అడ్డం వస్తే చాలా ఇబ్బంది పడతాము. పైగా ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున రేకు కప్పు కింద నిలబడి పని చేయడం ఎవరి వల్లా కాదు. టార్పాలిన్ పట్ట అయితే పక్కలు పైకి చుట్టి కట్టవచ్చు, గాలి ఆడుతుంది. కమానులలో ఒకటి విడిచి ఒకటి తీసేయండి, పట్ట కొద్దిగా జారినా బరువు తగ్గుతుంది.

పైపులను క్యాబిన్ మీద వేయాలన్న ఆలోచన మానుకోండి. మనం దించే పీవీసీ కాలమ్ పైపులు 3 మీటర్ల పొడవే కదా, అవి బాడీలోనే పడతాయి. అడుగు భాగాన అరడుగు ఎత్తులో పలక వేసి, దాని కింద పైపులు వెనుక నుండి జారేలా పొడవైన సొరుగులాంటి ఖాళీ వదలండి. పైపులు నేలకు దగ్గరగా ఉంటాయి, పైన సామాను పెట్టుకోవడానికి చదునైన చోటు మిగులుతుంది. బరువు ఎంత కిందికి ఉంటే గట్ల మీద బండి అంత నిలకడగా ఉంటుంది.

200 లీటర్ల ట్యాంకు నిండితే నీళ్లే 200 కిలోలు. దానిని వెనుక చివర కాకుండా, వెనుక ఇరుసుకు ముందు, క్యాబిన్ గోడను ఆనుకుని పెట్టండి. చివర పెడితే వెనుక ఇరుసు మీది స్ప్రింగు పట్టీలు (కమాన్ కట్టలు) కూర్చుండిపోతాయి, ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. సగం నిండిన ట్యాంకులో నీళ్లు మలుపుల్లో ఒక్కసారిగా ఒకవైపుకు దొర్లుతాయి కాబట్టి లోపల అడ్డపలకలు ఉన్న ట్యాంకు తీసుకోండి, లేదా నాలుగు చిన్న క్యాన్లతో సరిపెట్టుకోండి. నేనైతే క్యాన్లకే మొగ్గు చూపుతాను.

ఫ్యాబ్రికేషన్ వర్క్స్, కర్నూలు

కమానుల విషయంలో జమ్మలమడుగు సోదరుడితో పూర్తిగా ఏకీభవించలేను. ఖరీదైన వైండింగ్ తీగ, చైన్ బ్లాక్ పట్ట కింద ఉంచి రాత్రి ఊరి బయట బండి నిలిపితే ఎవరు జవాబుదారీ? అందుకని మధ్యేమార్గం ఒకటి చెబుతాను. పైకప్పును పట్టగానే ఉంచి, బాడీ లోపల క్యాబిన్ గోడ పొడవునా తాళం వేసే బీరువా ఒకటి కట్టండి. విలువైనవన్నీ అందులోకి వెళతాయి, బరువు కూడా ముందుకే చేరుతుంది.

ఆటో ఎలక్ట్రీషియన్, తాడిపత్రి

స్విచ్చుల గురించి ప్రస్తావన వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఇలాంటి బండ్లలో మామూలు లైట్ల కరెంటు కూడా చాలాసార్లు ఆ చీకటి ప్రయాణపు స్విచ్చు గుండానే వెళుతుంది. దానిని చీకటి ప్రయాణపు స్థానానికి తిప్పితే బ్రేకు లైటు, హారను పని చేయకుండా ఆగిపోతాయి, శత్రువుకు వెలుతురూ శబ్దమూ తెలియకూడదని అలా అమర్చారు. తెలియక ఆ స్విచ్చును పీకి తీగలకు టేపు చుట్టిన ఒక లారీ నా దగ్గరికి వచ్చింది. దానికి బ్రేకు లైటు వెలగడం లేదన్న సంగతి వెనుక నుండి ఆటో గుద్దిన తరువాతే యజమానికి తెలిసింది. కనుక స్విచ్చును తీయదలిస్తే ముందు ప్రతి తీగకూ అంకె వేసి, లోపలికి వచ్చే కరెంటు తీగ ఏదో, బ్రేకు లైటుకు వెళ్లే తీగ ఏదో మీటరుతో చూసి, రెండింటినీ ఫ్యూజు ద్వారా నేరుగా కలపాలి.

రెండవ మాట. మీ బండి 24 వోల్టులది, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి. సెల్ ఛార్జరుకో చిన్న లైటుకో 12 వోల్టులు కావాలని ఒక్క బ్యాటరీ నుండే తీగ లాగే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. అలా చేస్తే ఆ బ్యాటరీ ఎప్పుడూ తక్కువ ఛార్జిలో, రెండవది ఎప్పుడూ ఎక్కువ ఛార్జిలో ఉండి కొన్ని నెలల్లోనే రెండూ చెడిపోతాయి. 24 నుండి 12కు మార్చే కన్వర్టరు పెట్టుకోండి. పెట్టెల లోపల లైట్లకు నేరుగా 24 వోల్టులకే పనిచేసే ఎల్‌ఈడీ పట్టీలు దొరుకుతాయి. కొత్తగా లాగే ప్రతి తీగకూ ఫ్యూజు బ్యాటరీకి అడుగు దూరంలోపే ఉండాలి.

బండి మీద ఎక్కడ వెల్డింగ్ చేసినా ముందు బ్యాటరీల నెగటివ్ తీగను విప్పండి, లేకుంటే ఆల్టర్నేటరు డయోడ్లు పోతాయి. ఎర్తు క్లిప్పును వెల్డింగ్ చేసే చోటికి పక్కనే పెట్టండి.

వాహన కాగితాల పని, అనంతపురం

పనిలో మునిగి ఎవరూ ప్రస్తావించని రెండు విషయాలు చెప్పవలసి ఉంది. మొదటిది రంగు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లోని 121వ నియమం ప్రకారం రక్షణ శాఖ వాహనాలు తప్ప మరే వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు ఉండకూడదు. ఆ రంగు బాగుందని అలాగే ఉంచితే మొదటి తనిఖీలోనే ఆపుతారు. పెట్టెలకు రంగు వేసేటప్పుడే బండి మొత్తానికీ వేయించండి.

రెండవది మార్పులు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లో రాసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. బల్లలు తీసి అరలు పెట్టడం వేరు, బాడీ రకమే మారిపోయేలా కట్టడం వేరు. కర్నూలు వారు చెప్పిన బీరువా కట్టే ముందు చిన్న స్కెచ్ గీసి రవాణా కార్యాలయంలో చూపించి, అనుమతి అవసరమేమో అడిగి తెలుసుకోండి. వెనుక ఇరుసు దాటి బయటికి వచ్చే భాగం రెండు ఇరుసుల మధ్య దూరంలో 60 శాతం మించకూడదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. డ్రైవరు లైసెన్సు విషయంలో 7,500 కిలోల మొత్తం బరువు ఒక గీత, అది దాటిన బండి లైట్ మోటార్ వెహికల్ కిందికి రాదు. మీ ఆర్.సి.లో మొత్తం బరువు ఎంత రాశారో చూసుకుని దానికి తగిన లైసెన్సు ఉన్నవారికే బండి అప్పగించండి.

బోరు మోటార్ల షెడ్డు, కళ్యాణదుర్గం

ఈ వారం ఒక పొరపాటు జరిగింది, ఇతరులకు జరగకూడదని వివరంగా రాస్తున్నాను. పెట్టె బ్రాకెట్టుకు చోటు చేస్తుండగా వెనుక ఇరుసు మీది నుండి ఛాసిస్ పైకి పాకిన వేలి లావు రబ్బరు గొట్టం ఒకటి కనిపించింది. దాని రెండవ కొన దేనికీ కలవకుండా గాలిలోనే ఉంది. ఇది ఎప్పుడో తెగిపోయిన గొట్టమని మా కుర్రవాడు తీసివేసి, దుమ్ము పోకుండా ఇరుసు మీది రంధ్రానికి బోల్టు బిగించాడు. నేను చూసి కూడా సరేనన్నాను. మరునాడు ఎండలో నలభై కిలోమీటర్లు తిరిగి, మోకాలి లోతు నీళ్లున్న వంక ఒకటి దాటాము. ఇంటికి వచ్చాక కుడివైపు వెనుక చక్రం లోపలి నుండి ఆయిలు కారి టైరు మీద నల్లగా చారలు కట్టింది. డిఫరెన్షియల్ అడుగు బోల్టు విప్పితే ఆయిలు పాలు కలిపిన టీ రంగులో వచ్చింది.

రిటైర్డ్ ఎం.టి. డ్రైవర్, కడప

తమ్ముడూ, అది ఇరుసు ఊపిరి తీసుకునే గొట్టం. బండి నడిచేకొద్దీ ఇరుసు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆ గాలి బయటికి పోవడానికి అదొక్కటే దారి. దానిని మూసివేస్తే ఒత్తిడి ఆయిల్ సీలును తోసుకుని బయటపడుతుంది. అప్పుడు వేడి ఇరుసు చల్లని నీళ్లలో దిగగానే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, అదే సీలు గుండా నీళ్లను లోపలికి పీలుస్తుంది. గొట్టం కొనను పైకి కట్టింది నీళ్లు అందకూడదనే.

ఆయిలు మొత్తం పారబోసి, కొత్త ఆయిలు పోసి కొద్ది దూరం నడిపి, దానిని కూడా తీసివేసి మళ్లీ పోయండి. రెండు వైపులా సీళ్లు మార్చండి. బ్రేకు లైనింగుకు ఆయిలు అంటి ఉంటే కడిగి సరిపెట్టవద్దు, కొత్తవే వేయండి. పాత లైనింగు దుమ్మును గాలి కొట్టి ఊదవద్దు, అందులో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, తడిగుడ్డతో తుడవండి. ముందు ఇరుసుకు, రెండు ఇరుసులకూ శక్తిని పంచే గేర్ల పెట్టెకు (ట్రాన్స్‌ఫర్ కేసు) కూడా ఇలాంటి గొట్టాలు ఉంటాయి, అవి సరిగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి.

వెనుక తగిలించే ట్రాలీ బ్రేకులకు గాలి అందించే గొట్టం తీయాలనుకుంటే దానికీ ఇదే జాగ్రత్త కావాలి. గొట్టం తీసి చెక్క బిరడా కొట్టడం కుదరదు. సరైన మరల ఇత్తడి ప్లగ్గు వేసి, ట్యాంకు నిండా గాలి నింపి, ఇంజను ఆపి, సబ్బునీళ్లు రాసి, గాలి మీటరు ముల్లు కదలకుండా ఉందో లేదో అరగంట చూడండి.

పంపుసెట్ల పని, జమ్మలమడుగు

పక్క పెట్టెలు బిగించే ముందు ఒక పరీక్ష చేయండి. వెనుక చక్రం ఒకదానిని అడుగు ఎత్తు రాతిదిమ్మ మీదికి ఎక్కించి, టైరుకూ పెట్టె వచ్చే చోటుకూ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో కొలవండి. చదునుగా నిలిపినప్పుడు కనిపించే ఖాళీ నమ్మదగినది కాదు. రేగడి మన్ను టైరుకు పట్టి రొట్టెలా మందంగా పేరుకుంటుంది కాబట్టి ఆ కొలతకు ఇంకొక జానెడు కలపండి. మా బండికి ఇలా చూడకుండా బిగిస్తే, మొదటి వానకే మన్ను పెట్టె మూలను తోసి తలుపు తెరుచుకోకుండా చేసింది, చైన్ బ్లాక్ లోపలే చిక్కుకుపోయింది. పెట్టె అడుగు కూడా వెనుక ఇరుసు కంటే కిందికి రాకూడదు, వంక గట్టు ఎక్కేటప్పుడు అదే ముందు తగులుతుంది.

పైపులు అతికించే సొల్యూషన్ డబ్బాలను గ్రైండరు, బ్యాటరీలు ఉన్న పెట్టెలో పెట్టవద్దు. ఎండకు మూత వదులై ఆవిరి వస్తుంది, ఆ ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి అడుగునే నిలుస్తుంది. వాటికి అడుగున రంధ్రాలున్న చిన్న పెట్టె విడిగా, ఎండ తగలని వైపు ఉండాలి.

బోరు మోటార్ల షెడ్డు, కళ్యాణదుర్గం

ఐదు వారాల తరువాత రాస్తున్నాను. సీళ్లు, లైనింగులు మార్చాము, ఊపిరి గొట్టాలు మూడింటికీ కొత్త రబ్బరు వేసి క్యాబిన్ వెనుక గోడ ఎత్తుకు కట్టాము. రాతిదిమ్మ పరీక్షలో ఎడమవైపు నాలుగు అంగుళాలే మిగిలింది, అందుకని ఆ పెట్టెను ఆరడుగుల నుండి నాలుగున్నర అడుగులకు తగ్గించాము. పెట్టెలు 16 గేజివే, ఛాసిస్ నిలువు భాగంలోని పాత రంధ్రాలకే బిగించాము. పైపుల సొరుగు పైన బల్లల చెక్కనే పరిచాము. నీళ్లకు ట్యాంకు మానేసి నాలుగు క్యాన్లు పెట్టాను. బీరువాకు రవాణా కార్యాలయంలో స్కెచ్ చూపించి దరఖాస్తు ఇచ్చాను, అనుమతి వచ్చేవరకు దానిని కట్టను. బండికి గోధుమరంగు వేయించాము.

సామాను అంతా ఎక్కించి కాటా వేయిస్తే ఆర్.సి.లో రాసిన మొత్తం బరువుకు ఇంకా 700 కిలోలు తక్కువే ఉంది. మొన్న విడపనకల్లు దగ్గర తడి చేనులో అర కిలోమీటరు లోపలికి వెళ్లి, మోటారు పైకి లాగి, కొత్తది దించి, చీకటి పడకముందే గట్టు మీదికి వచ్చాము. ఒక్క సందేహం మిగిలింది. క్యాబిన్ పైన గుండ్రని మూత చుట్టూ రబ్బరు ఎండిపోయి వాననీళ్లు సీటు మీద పడుతున్నాయి. మూత తీసి రేకు అతికించాలా, రబ్బరు మార్చితే సరిపోతుందా?

రిటైర్డ్ ఎం.టి. డ్రైవర్, కడప

రబ్బరు మార్చండి, మూత ఉంచండి. మే నెలలో దానిని నాలుగు వేళ్ల ఎత్తు తెరిచి నడిపితే వేడి గాలి పైనుండి బయటికి పోతుంది. కారు డిక్కీ తలుపుకు వేసే రబ్బరు పట్టీ సరిగ్గా కూర్చుంటుంది, చుట్టుకొలత నూలుదారంతో కొలిచి రెండంగుళాలు ఎక్కువ తెచ్చుకోండి, అతుకు వెనుకవైపుకు రావాలి.